జబ్బు రోజు కూలి

ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు మన పెద్దలు. రెక్కాడితేగాని డొక్కాడని వానికి ఈ మాట మరింత బాగా తెలుసు. మంచాన పడిన నాడు అతని ఇంటికి కూలి రాదు.

మనలో కొందరి పూర్వులు కోరంగి రేవులో ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు వెళ్ళారు. అక్కడ 1847 నాటి చట్టం ప్రకారం ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దానినే 'డబుల్ కట్' అనేవారు. అట్టి వారి సంతతి నేడు నివసించే ఈ రెజైనాలో, జబ్బుపడిన మనిషికి ప్రభుత్వం అండగా ఉండాలని పెద్ద పోరాటమే జరిగింది.

సస్కాచెవాన్ ప్రభుత్వం 1947లో ఆసుపత్రి ఖర్చులకు బీమా ఏర్పరచింది. టామీ డగ్లస్ తలపెట్టిన వైద్య బీమాను వుడ్రో లాయిడ్ 1962 జులై 1న అమలుపరచాడు. వైద్యులు 23 రోజులు సమ్మె చేశారు. జులై 11న ఇక్కడి శాసనసభా భవనం ముందు వేలమంది చేరి పథకాన్ని వ్యతిరేకించారు. అయినా పథకం నిలిచింది.

కాని వైద్యుని ఫీజు తప్పితే కూలి వచ్చినట్లు కాదు. మేమూ చాలాకాలం ఈ రెండూ ఒకటే అనుకున్నాము.

కెనడా ప్రభుత్వం 1971లో నిరుద్యోగ బీమాలో జబ్బు భత్యాన్ని చేర్చి 15 వారాలు ఇచ్చింది. 2022 డిసెంబరు నుండి అది 26 వారాలయింది. బీమాకు లెక్కించే జీతంలో నూటికి 55 వంతులు, ఒక పరిమితి వరకు ఇస్తారు. ఇందుకు ఉద్యోగి, యజమాని ఇరువురూ చందా కడతారు. రెండు రోజుల జ్వరానికి మాత్రం ఇది అందదు.

బ్యాంకులు, రైల్వేలు, విమాన సంస్థల వంటి కేంద్ర పరిధి ఉద్యోగులకు 2022 డిసెంబరు నుండి ఏడాదికి 10 రోజుల వరకు జీతంతో కూడిన జబ్బు సెలవు ఉంది. బ్రిటిష్ కొలంబియా అదే ఏడాది జనవరిలో 5 రోజులు ఇచ్చింది. మన రాష్ట్ర చట్టం మాత్రం 13 వారాలు పనిచేసిన వారికి, చిన్న జబ్బులకు ఏడాదికి 12 రోజుల వరకు ఉద్యోగం పోకుండా కాపాడుతుంది. ఆ రోజులకు జీతం ఇవ్వాలని అనదు. అది యూనియన్ ఒప్పందాన్నిబట్టి, యజమాని ఇష్టాన్నిబట్టి ఉంటుంది.

రెండు రోజుల కూలి కోసిన కాలం పోయింది. ఒక రోజు కూలి పోయే కాలం ఇంకా పోలేదు. కనుక మన పిల్లలు పనిలో చేరే నాడే జీతంతోపాటు జబ్బు సెలవు సంగతి కూడా అడిగి, కాగితం మీద చూసుకోవాలని మా మనవి.