స్విచ్డ్ కెపాసిటర్ యాంప్లిఫయర్: లూప్ గెయిన్‌ను కంప్యూటర్‌పై కనుగొనుట

జాతరలో మైకును స్పీకరు ముందుకు తెచ్చిన వెంటనే చెవులు చిల్లులు పడే కూత వినబడుతుంది. స్పీకరు ధ్వని తిరిగి మైకులో ప్రవేశించి, పెరిగి, మరల స్పీకరుకు చేరడమే అందుకు కారణం. ఈ వలయాన్ని ఒక్కమారు చుట్టివచ్చేసరికి సంకేతం ఎన్ని రెట్లగునో తెలిపే సంఖ్యయే లూప్ గెయిన్. 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ ఈ వలయాన్నే వ్యతిరేక దిశలో వినియోగించి యాంప్లిఫయర్ దోషాలను తగ్గించారు. అది ఎప్పుడు స్థిరంగా ఉండునో 1932లో హారీ నైక్విస్ట్ తెలిపారు.

మన సరిహద్దు గ్రామాల పిల్లలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో బడిచదువు ముగించి, ఇంజనీరింగులో ఈ మాటలను ఒక్కసారిగా ఇంగ్లీషులో ఎదుర్కొంటున్నారు. అందువలన కొంత వివరంగా వ్రాయవలసి వచ్చింది.

చిప్‌లో పెద్ద రెసిస్టరుకు చోటు చాలదు. 1 పికోఫారడ్ కెపాసిటర్‌ను సెకనుకు లక్షసార్లు స్విచ్చులతో అటూఇటూ మార్చినచో అది కోటి ఓములవలె ప్రవర్తిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. స్పైస్ వంటి ప్రోగ్రాముల ఏ.సి. విశ్లేషణ సర్క్యూట్ ఒకే స్థితిలో నిలిచి ఉన్నదని భావిస్తుంది; ఈ సర్క్యూటో గడియారపు ప్రతి దశకు రూపు మారుస్తుంది.

సులభమార్గం దశలను విడదీయడం. ఒక దశలో మూసి ఉండే స్విచ్చులను మూసి, తక్కినవి తెరచి, ఆ రూపాన్నే పరీక్షించాలి. ఉదాహరణకు ప్రవేశ కెపాసిటర్ 3, ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ 1, యాంప్లిఫయర్ ముఖద్వారం వద్ద తప్పనిసరిగా ఉండే కెపాసిటెన్స్ 1 పికోఫారడ్ అనుకొందాం. తిరిగివచ్చే భాగం 1/5. యాంప్లిఫయర్ సొంత గెయిన్ 5000 అయినచో లూప్ గెయిన్ 1000, దోషం సుమారు 0.1 శాతం. పది బిట్ల కొలతలో అది దాదాపు ఒక మెట్టు! ఇక శాంపిల్ దశలో అవుట్‌పుట్‌ను నేరుగా ఇన్‌పుట్‌కు కలిపే డిజైన్లలో దాదాపు అంతా తిరిగివస్తుంది. కూత భయం తరచు అక్కడే ఎక్కువ. ఒక్క దశ చూచి తృప్తిపడుట పొరపాటు. రెండింటిలోనూ ఫేజ్ మార్జిన్ 60 డిగ్రీలకు తగ్గకుండుట మంచిది.

వలయాన్ని తెంచి కొలిచినచో ఆ చోటి కెపాసిటెన్స్ భారం మాయమై ఫలితం తప్పుతుంది. తెంచకుండానే వోల్టేజిని, కరెంటును విడివిడిగా ప్రవేశపెట్టి లెక్కించే పద్ధతిని 1975లో మిడిల్‌బ్రూక్ ప్రచురించారు. మరొక జాగ్రత్త: స్విచ్ తెరచినచోట డి.సి. దారి ఉండదు గనుక ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్‌కు సమాంతరంగా 1 గిగా ఓమ్ రెసిస్టరు పెడతారు. అప్పుడు వేయి హెర్ట్జ్‌కు లోపలి ఫలితాన్ని విడిచిపెట్టాలి.

గడియారంతో సహా మొత్తాన్ని లెక్కించే ఆవర్తన స్థిరస్థితి విశ్లేషణ కూడ ఉన్నది. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లోనే అది ఎక్కువ. అది లేని విద్యార్థి కాలానుగుణ విశ్లేషణ నడిపి, గడియారం 1 మెగాహెర్ట్జ్ అయితే అవుట్‌పుట్ 500 నానోసెకన్లలోపు ఊగకుండా కుదురుకొన్నదో లేదో చూడవచ్చును. చిప్ తయారై వచ్చిన పిమ్మట లోపలి కెపాసిటర్‌ను మార్చుటకు టంకపుకడ్డీ పనికిరాదు.