అతిద్రవ హీలియము: స్నిగ్ధతా మాపన చరిత్ర

హీలియము కథకు తొలి రంగస్థలములలో ఆంధ్రదేశ మొకటి. 1868 ఆగస్టు 18వ తేదీని సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణమును గుంటూరులో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్సెనును, మచిలీపట్టణములో మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సనును వర్ణపటదర్శినులతో పరిశీలించిరి. నాటి పరిశీలకులకు సూర్యబింబపు అంచున ఎగసిన జ్వాలల కాంతిలో కానవచ్చిన పసుపుపచ్చని గీత మొదట సోడియముదని తలపబడినను, లాకియరు పరిశీలనల మీదట అది అపరిచిత మూలకమునకు చెందినదని ఊహింపబడి, 1895లో రామ్సే యురేనియపు ఖనిజమునుండి ఆ వాయువునే రాబట్టుటతో ఆ ఊహ నిజమైనది.

ఆ వాయువును 1908 జూలై 10న లైడెనులో కామెర్లింగ్ ఆన్స్ ద్రవముగా మార్చెను. అది 4.2 కెల్విన్ వద్ద మరగును. దానిపైని ఆవిరిని పంపుతో తోడివేసి ఇంకను చల్లబరచుచు పోగా, 2.17 కెల్విన్ వద్ద, అంతవరకు బుడగలతో కుతకుతలాడుచున్న ద్రవము తటాలున నిశ్చలమై అద్దమువలె తేటపడును. ఉష్ణమును అమిత వేగమున ప్రసరింపజేయు శక్తి దానికి అప్పుడు కలుగుటచే లోపల బుడగ పుట్టుటకు తావుండదు. లాంబ్డా బిందువనబడు ఈ ఉష్ణోగ్రతకు పైనున్న ద్రవము మొదటి హీలియమనియు, దిగువనున్నది రెండవ హీలియమనియు వ్యవహరింపబడుచున్నవి.

ద్రవపు పొరలు ఒకదానిపై నొకటి జారునప్పుడు కలుగు ఘర్షణయే స్నిగ్ధత. కుండనుండి తేనె ఒలుకుటలోని జాగు దానివలననే. రెండవ హీలియము విషయమున దీనిని కొలువబూనిన వారిలో మాస్కోలోని కపిత్సా, మిక్కిలి నునుపుచేసిన రెండు గాజుబిళ్లలను నడుమ ఇంచుమించు అర మైక్రాను సందు మాత్రమే ఉండునట్లు చేర్చి, ఆ సందుగుండా ద్రవమును పారనిచ్చెను. లాంబ్డా బిందువునకు పైన నిమిషములు గడచినను మట్టములో మార్పు కనబడీ కనబడనట్లుండగా, దిగువకు రాగానే కొలది క్షణములలో లోపలి, వెలుపలి మట్టములు సమమయ్యెను. స్నిగ్ధత 1500 రెట్లకు తక్కువ గాకుండ తగ్గినదని గణించి, ఆయన దీనికి అతిద్రవమను అర్థము గల పేరుంచెను. 1938 జనవరి 8వ తేదీ ‘నేచర్’ సంచికలో ఆయన లేఖను వెన్నంటియే కేంబ్రిడ్జివారైన అలెన్, మైజనర్‌ల లేఖయు వెలువడినది. సన్నని గాజు కేశనాళికలలో ఈ ద్రవపు వేగము ఒత్తిడిని అనుసరించుట దాదాపు మానివేయుననియు, సాధారణ ద్రవముల ప్రవాహసూత్రము దీనికి వర్తింపదనియు వారు చూపిరి.

అయితే అదే సంవత్సరము లైడెనులో కీసమ్, మాక్‌వుడ్ ఒక బిళ్లను సన్నని తీగకు వ్రేలాడదీసి, ద్రవములో అటునిటు తిరుగు ఆ బిళ్ల డోలనములు అణగు తీరునుబట్టి లెక్కగట్టగా, స్నిగ్ధత క్రమముగా తగ్గుటయే గాని మాయమగుట కానరాలేదు. రెండు పద్ధతుల ఫలితములకు నడుమ ఎంతో అంతరము! పరికరములను శంకించుట సులభమై యుండెడిది. కాని రెండు కొలతలును సత్యములే.

1924లో సత్యేంద్రనాథ బోసు ఢాకానుండి పంపిన వ్యాసమునుండి పుట్టిన బోసు-ఐన్‌స్టీను సంఘననమే (పెక్కు పరమాణువులు ఒకే కనిష్ఠశక్తి స్థితిలో చేరుటయే) ఇందలి రహస్యమని లండన్ అను శాస్త్రజ్ఞుడు 1938లో సూచింపగా, టిస్సా ఆ బాటనే ద్విద్రవ భావనను ప్రతిపాదించెను. 1941లో లాండౌ దానిని వేరొక మార్గమున, దృఢమైన గణితముతో నిలిపెను. ఒకే ద్రవములో ఘర్షణ గల సాధారణాంశమును, ఘర్షణ లేని అతిద్రవాంశమును కలసియున్నట్లు వర్తించుననియు, ఇరుకు సందులలో రెండవదియే జారిపోవుననియు, తిరుగు బిళ్లను నిరోధించునది మొదటిదనియు వారి అభిప్రాయము.

ఈ భావనకు ప్రత్యక్ష ప్రమాణము 1946లో ఆండ్రోనికాష్విలీ ప్రయోగమున లభించినది. పలుచని లోహపు రేకుల బిళ్లలను మిల్లీమీటరులో అయిదవవంతు ఎడముతో దొంతిగా కూర్చి, వ్రేలాడదీసి త్రిప్పగా, పైయుష్ణోగ్రతలలో రేకుల నడిమి ద్రవమంతయు వాటితోపాటు తిరిగి దొంతి జడత్వమును పెంచినది. లాంబ్డా బిందువు దాటి చల్లబడుకొలది అతిద్రవాంశము వెనుక నిలిచిపోవుటచే డోలనకాలము తగ్గుచు వచ్చినది. ఆ తగ్గుదలయే సాధారణాంశపు పాలెంతో చెప్పెను. 1 కెల్విన్ సమీపమున అది అత్యల్పము. ఇంత సామాన్యమైన సాధనముతో ఇంత గహనమైన విషయమును తేల్చిన ప్రయోగములు భౌతికశాస్త్రమున అరుదు.

ఘర్షణరహిత ప్రవాహమునకును వేగపరిమితి కలదు. అతిద్రవములోని సుడులు క్వాంటం నియమమునకు లోబడి, వాటి భ్రమణము సెకనుకు సుమారు 0.001 చదరపు సెంటీమీటరు గుణిజములుగనే యుండునని ఆన్సాగర్ 1949లోను, ఫైన్‌మన్ 1955లోను ప్రతిపాదించిరి. వేగము హద్దు మీరగా ఆ సుడులు పుట్టి పెరిగి ప్రవాహమును అడ్డగించును. భ్రమించు హీలియములో సన్నని తీగను కంపింపజేసి, దానిచుట్టు చిక్కిన ఒక్క సుడి భ్రమణ పరిమాణమును వైనెన్ 1961లో కొలిచెను.