గ్రానీ ముడి

ఇంగ్లీషులో ‘గ్రానీ నాట్’ అని ఒక ముడి ఉంది. తాడు కుడి కొసని ఎడమ కొస మీదుగా తిప్పి, రెండోసారి కూడా అలాగే తిప్పితే పడేది అదే. రెండోసారి ఎడమని కుడి మీదుగా తిప్పితే ‘రీఫ్ నాట్’, ఓడవాళ్ళు తెరచాపని కుదించి కట్టే ముడి. జారిపోయేదానికీ, లేదంటే విప్పరాకుండా బిగుసుకుపోయేదానికీ మాత్రం అమ్మమ్మ పేరు! నిఘంటువులో చూసినప్పుడు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది.

‘నాట్’ ప్రాచీన ఆంగ్లంలో ‘క్నొట్టా’. ఆ మొదటి ‘క’ పదిహేడో శతాబ్దంలో నోట్లోంచి జారిపోయి రాతలో మిగిలింది. ఇప్పుడు చెవికి అదీ, ‘కాదు’ అనే మాటా ఒకటే. దీని తోబుట్టువు ‘నిట్’. దానికీ మొదటి అర్థం ముడివేయడమే, సూదులతో అల్లడమనే అర్థం తర్వాత వచ్చింది. నాట్ ఓడెక్కింది, నిట్ ఇంట్లో ఉండిపోయింది అనాలనిపిస్తుంది గానీ, యూరప్‌లో తొలినాటి అల్లిక సంఘాలు మగవాళ్ళవే.

ఓడలో ముడి కొలమానమైంది. 47 అడుగుల 3 అంగుళాలకో ముడి వేసిన తాడుని సముద్రంలోకి వదిలి, 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా చేతిలోంచి ఎన్ని ముళ్ళు జారాయో లెక్కపెట్టేవారు. ఓడ గంటకి అన్ని నాటికల్ మైళ్ళు పోతున్నట్టు. విమానాల వేగం ఇప్పటికీ నాట్‌లలోనే చెబుతారు.

పెళ్ళి చేసుకోవడాన్ని కూడా ఇంగ్లీషు ‘ముడివేయడం’ అంటుంది. రోమన్ పెళ్ళికూతురి ఉన్ని నడికట్టుకి హెర్క్యులిస్ ముడి వేసేవారు, దాన్ని పడకమీద వరుడే విప్పాలి. చిత్రమేమిటంటే ఆ ముడీ, ఓడవాళ్ళ రీఫ్ నాటూ ఒకటే. షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ నాలుగో అంకంలో ప్రాస్పెరో కాబోయే అల్లుణ్ణి హెచ్చరించేది కూతురి కన్యత్వపు ముడి గురించే. మిరాండా పక్కనే ఉంటుంది, ఆమెనెవరూ అడగరు. అక్కడ విప్పేదీ అతనే, మన మూడుముళ్ళు వేసేదీ అతనే.

మా అమ్మమ్మ సముద్రం చూడలేదు. చిల్లర, నాలుగు మడతలు పెట్టిన నోట్లు కొంగు చివర ముడేసి బొడ్లో దోపుకునేది. నా ఎమ్మే ఫీజులో సగం ఆ ముడిలోంచే వచ్చింది, తాతయ్యకి తెలీకుండా. అదెంత గట్టిగా వేసేదంటే, తను కూడా పళ్ళతోనే విప్పేది.