మోచేతి పైన దాగిన ముల్లు

1848. ఎడిన్‌బరోలో శవచ్ఛేదం బల్ల మీద ఒక చెయ్యి. దాని మీదికి వంగి పాతికేళ్ళ జాన్ స్ట్రదర్స్. భుజం నుంచి దిగే పెద్ద ధమని, దాని వెంటే సాగే మీడియన్ నరం తిన్నగా మోచేతి ముందుకు రావాలి. ఇక్కడ రాలేదు. రెండూ లోపలి వైపుకి మళ్ళి, దండచెయ్యి ఎముక మీంచి పొడుచుకొచ్చిన ముల్లు కిందుగా దూరి బయటపడ్డాయి. ముల్లు కొస నుంచి మోచేతి లోపలి గుబ్బ దాకా గట్టి పట్టీ ఒకటి. ఆ గదిలో ఏం మాటలు దొర్లాయో మనం ఊహించుకోవలసిందే. ఆయన వర్ణించిన ఆ పట్టీని మాత్రం వైద్యులు నేటికీ స్ట్రదర్స్ లిగమెంట్ అనే పిలుస్తారు.

యానాం చేపల బజారులో తచ్చాడే పిల్లికి అదే చోట ఎముకలో నిఖార్సైన రంధ్రమే ఉంటుంది. నరమూ ధమనీ అందులోంచే పోతాయి. మనిషిలో నూటికి ఒకరిలోనో, అంతకంటే తక్కువమందిలోనో ఆ పాత నిర్మాణపు ఆనవాలు ముల్లుగా మిగిలింది. 1873లో స్ట్రదర్స్ ఒక కుటుంబం సంగతి ప్రకటించాడు: తండ్రికీ, ఏడుగురు పిల్లల్లో నలుగురికీ అదే ముల్లు! ఎక్స్‌రే పుట్టడానికి ఇంకా ఇరవై రెండేళ్ళుంది. డార్విన్ ఆ కుటుంబాన్ని మనిషి పుట్టుక మీద రాసిన తన పుస్తకం తర్వాతి ముద్రణలోకి ఎక్కించాడు.

చాలామందికి ఈ ముల్లు ఏ బాధా పెట్టదు. పెట్టినప్పుడే చిక్కు. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు తిమ్మిరెక్కుతాయి, పట్టు సడలుతుంది. గౌతమి నదిలో వల లాగే మనిషికి అలా అయితే యానాంలో ఏమంటారు? "మెడ నరం పట్టేసిందేమోనండీ" అంటారు. లేదా మణికట్టు దగ్గర నరం నలిగిందనుకుంటారు. మణికట్టుకు కోత పెట్టించుకున్నా పైనున్న ముల్లు అక్కడే ఉంటుంది. నాకు బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే పట్టుకోవడానికి కావలసింది పెద్ద యంత్రం కాదు. మోచేతి లోపలి గుబ్బకు నాలుగైదు సెంటీమీటర్ల పైన వేళ్ళతో తడమాలి. చెయ్యి బార్లా చాపించి ముంజేతిని తిప్పించి, మణికట్టు నాడి మందగిస్తోందేమో చూడాలి. నిటారుగా తీసిన ఎక్స్‌రేలో ముల్లు తప్పించుకోవచ్చు. ఏటవాలుగా తీస్తే దొరుకుతుంది. దాన్ని ఎముక గడ్డగా పొరబడేవాళ్ళూ ఉన్నారు. తేడా చెప్పే గుర్తు ఒకటుంది: ముల్లు కొస మోచేతి వైపు చూస్తుంది, గడ్డ సాధారణంగా కీలుకు ఎదురు దిక్కున పెరుగుతుంది.

 

ముల్లు వల్లే బాధ అని తేలితే మార్గం ఉంది. ముల్లునూ పట్టీనీ తీసేస్తారు. ముల్లు మీది ఎముక పొరను కూడా ఒలిచేస్తారు, లేకపోతే అది మళ్ళీ మొలవవచ్చు.