హవాయి భాషలో నడక

ఒక జాతి చరిత్రను రాజుల పరంపరతో చెప్పవచ్చును. ఆ జాతి తన నడకలకు పెట్టుకొన్న పేర్లతోనూ చెప్పవచ్చును. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల భాష ఇందుకు నిదర్శనం.

ఆ భాషలో ‘హెలె’ అంటే పోవుట, నడచుట. పాదవాచకమైన ‘వావయె’ చేరితే అది కాలినడక. బిడ్డ వేసే తొలి అడుగులకూ, పెద్దలు బారులు తీరి సాగే నడకకూ ‘కఇ’ అన్నది ఒక్కటే మాట. యాత్రను, ఊరేగింపును ‘హువాకఇ’ అంటారు. రాత్రివేళ పూర్వపు దొరల ప్రేతాలు బారులుగా సాగుతాయని అక్కడివారి నమ్మకం. దానికి ‘హువాకఇ పో’ అని పేరు. ‘నిహి’ అంటే అంచు. అంచుమీద నడిచేవానివలె అలికిడి లేకుండా సాగటం కూడా. తెలుగులో నడకనుంచి నడవడి పుట్టినట్లే, ఈ మాట అడుగునుంచి ప్రవర్తనలోని జాగరూకత దాకా విస్తరించింది.

‘కొలో’ అంటే ప్రాకుట. పసిబిడ్డకు అది సహజమే. కాని ‘కపు’ అనే నిషేధధర్మం సాగిన కాలంలో మహాదొరల ఎదుట పెద్దలు సైతం ప్రాకవలసి వచ్చేది, సాగిలపడవలసి వచ్చేది. ఉల్లంఘనకు శిక్ష మరణం కావచ్చును. ఆ ధర్మం 1819లో అంతరించింది. అంతకు ముందే ఒక రాజు బాటసారుల పక్షాన నిలిచాడు. మొదటి కమేహమేహ యౌవనంలో జాలరులను తరుముతూ పోగా, పాదం రాతి నెరియలో చిక్కుకొన్నదనీ, ఒక జాలరి తెడ్డుతో అతని తలపై కొట్టగా తెడ్డు పగిలిందనీ ఐతిహ్యం. వృద్ధులు, స్త్రీలు, బాలలు దారిప్రక్క నిర్భయంగా పడుకొనవచ్చునని 1797లో అతడు చేసిన శాసనానికి ఆ పగిలిన తెడ్డు పేరే నిలిచింది.

1820లో వచ్చిన క్రైస్తవ మిషనరీలు ఈ భాషకు రోమన్ లిపిని అమర్చారు. 1822లో అచ్చు మొదలయింది. 1865లో లోరిన్ ఆండ్రూస్ నిఘంటువు వెలువడింది. 1893లో రాజ్యం కూలింది. 1896 శాసనం బడులలో ఇంగ్లీషునే బోధనభాషగా చేసింది. తరువాతి తరాల పిల్లలకు ఈ మాటలు ఇంటిలోనూ కరవయినవి. మేరీ కవేన పుకుయి, శామ్యూల్ ఎల్బర్ట్ 1957లో ప్రకటించిన నిఘంటువు వాటిని పదిలపరచింది. 1978లో హవాయి భాష అధికారభాష అయింది. 1984లో ‘భాషాగూడు’ అనే అర్థం గల పేరుతో తొలి శిశువిద్యాలయం వెలసింది.

ఇంగ్లీషు మీదుగా దూరదేశపు సాహిత్యాన్ని తెలుగులోకి తెచ్చేవారు ఈ చరిత్రను గమనించటం మేలు. దొర ఎదుట ప్రాకినవాడు, అంచున ఒదిగి సాగినవాడు, బారులో కదలినవాడు, అందరూ ‘నడిచాడు’ అన్న ఒక్క క్రియలో కలిసిపోతే, వారిమధ్యనున్న సంఘమే మాయమవుతుంది.