సంతానసాఫల్యపు లెక్క

1973లో మెల్‌బోర్న్ వైద్యులు శరీరమునకు వెలుపల ఫలదీకరణము చేసిన అండముతో ఒక స్త్రీకి గర్భము కల్పించిరి. అది కొలది దినములలోనే పోయెను. 1976లో ఇంగ్లండునందు ఎడ్వర్డ్సు, స్టెప్టోలు కల్పించిన గర్భము గర్భాశయమున గాక నాళమున నిలిచెను. 1978 జూలై 25న లూయీ బ్రౌను జన్మించినపుడే లోకము దీనిని విజయమనెను.

నేడు కొందఱు గర్భము నిలుచుటనే గెలుపుగా లెక్కింతురు. నూటికి ఇందఱన్నపుడు, ఆ నూర్గురెవరని మేమడుగుదుము. చికిత్స మొదలిడినవారా, పిండము గర్భాశయమును జేరినవారా? అండములు దొరకక నడుమ నిలిచిపోయినవారిని విడిచినచో లెక్క పెద్దదగును. నగలు కుదువబెట్టి వచ్చినవారు వారిలోను గలరు.

2019 సెప్టెంబరున గుంటూరులో, 70 ఏండ్లు దాటిన తూర్పు గోదావరి జిల్లా స్త్రీకి కవల ఆడుబిడ్డలు పుట్టిరి. జనులు ఆమె వయస్సునే చెప్పుకొనిరి. అండము వేఱొక స్త్రీది. ఇట్టి చికిత్సలో ఫలము చాలవఱకు అండమిచ్చినామె వయస్సును బట్టియుండును గాని మోసినామె వయస్సును బట్టి కాదు. స్వంత అండమునే కోరు 42 ఏండ్ల యిల్లాలికి ఆ వార్త ధైర్యమీయజాలదు.

2021 నాటి చట్టము స్త్రీకి 50 ఏండ్లు హద్దుగా నిర్ణయించినది. తమ చికిత్సాలయమున జయమునకెంత అవకాశమున్నదో దంపతులకు ముందే తెలుపవలెననియు విధించినది.