సీతమ్మగారి ఫొటో

లంకల గన్నవరం. మిట్టమధ్యాహ్నం.

గాడిపొయ్యి మీద గుండిగ కుతకుతలాడుతోంది. వార్చిన గంజి వాసన వీధి దాకా కొడుతోంది. పెరట్లో అరిటాకుల కట్టలు విప్పి నీళ్లు చిలకరిస్తున్నారు. గోదావరి పాయ వైనతేయ రేవులో పడవ దిగినవాళ్లు దుమ్ము కాళ్లు కడుక్కుని అరుగుల మీద చేరారు. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగే ఆచారం ఆ ఇంట్లో లేదు. ఆకలేస్తోందా అన్న ఒక్క మాటే. అంతలో వాకిట్లో మరో ముగ్గురు ఆగారు. వాళ్లెవరూ వంటింటివైపు చూడలేదు. ఒకడి భుజాన మూడు కాళ్ల స్టాండు. ఇంకొకడి చేతుల్లో నల్లగుడ్డ కప్పిన పెట్టె.

ముందు నిలబడ్డవాడు సర్కారు ఉద్యోగి. ఆ రోజు జరిగింది కోనసీమలో ఒక తరం మరో తరానికి చెప్పుకుంటూనే వచ్చింది. వాళ్లు చెప్పేదాని ప్రకారం, అతని వెనక కలెక్టరుగారి హుకుం ఉంది. ఆ కలెక్టరు వెనక లండన్ ఉంది.

1902 ఆగస్టు 9న ఏడో ఎడ్వర్డు నెత్తిన కిరీటం పెట్టారు. 1903 జనవరి 1న ఆ సంబరానికే ఢిల్లీలో దర్బారు. గోదావరి లంకల్లో అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ అన్నం పెడుతున్న ఓ ఇల్లాలి సంగతి దొరల చెవిన పడింది. ఆ సంబరాలకి రమ్మని పిలుపొచ్చింది. ఆవిడ రానన్నారు. సరే, మనిషి రాకపోతే బొమ్మయినా పంపండన్నారు. ఆ బొమ్మ కోసమే ఈ పెట్టె.

సీతమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. అరవై దాటిన మనిషి. చేతికి ఇంకా మెతుకులంటుకునే ఉన్నాయి. సంగతంతా విన్నారు. అన్నం పెట్టినందుకు ఫొటో ఎందుకు నాయనా అన్నారు. ఇదేమీ పేరు కోసం చేస్తున్న పని కాదన్నారు. వెనక్కి తిరిగారు.

ఉద్యోగి నోరు ఎండిపోయింది. చక్రవర్తి అడిగితే కాదన్న మనిషిని అతను అంతవరకూ చూడలేదు.

అన్నం పెట్టడం ఆవిడకి పుట్టుకతో వచ్చిన గుణం. 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం. వచ్చినవాళ్లందరికీ బువ్వ పెట్టి పంపేవాడని ఊరంతా ఆయన్ని బువ్వన్న అని పిలిచేది. ఆ ఇంటి పిల్లని గన్నవరం రైతు డొక్కా జోగన్న పంతులు పెళ్లి చేసుకుని తీసుకొచ్చారు. ఆవిడకి పదకొండేళ్లప్పుడు, 1852లో, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ రోజుల్లోనే గన్నవరం దగ్గర ఇంజినీరు హేగ్ దొర 49 కమానులు కట్టించి, వైనతేయ నెత్తి మీదుగా కాలవని నగరం లంకకి దాటించాడు. పైన కాలవ, కింద నది. ఎండిన చేలకి నీళ్లందాయి. కానీ ఏళ్ల పొడుగునా లంకల్లో బాటసారి తిప్పలు తప్పలేదు. వానకి బురద. వరదకి పడవలు బంద్. చీకటి పడితే దిక్కు ఆ ఒక్క గుమ్మమే.

ఆ గుమ్మం దాటి ఆవిడ ఒకే ఒక్కసారి యాత్రకి బయల్దేరారట. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీ ఎక్కి సగం దారిలో బోయీలు అలుపు తీర్చుకుంటుంటే, పక్కన చెట్టు కింద ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని వాళ్ల పెద్దలు ఇంకాస్త ఓర్చుకోండమ్మా గన్నవరం వచ్చేసింది సీతమ్మగారింట్లో కడుపునిండా తిందురుగాని అని బుజ్జగించడం చెవిన పడి, దేవుడికి అక్కడే మనసులో దణ్ణం పెట్టుకుని, పల్లకీ వెనక్కి తిప్పమన్నారట. వాళ్లకంటే ముందే ఇల్లు చేరి ఎసరు పెట్టించారట.

దేవుడి దగ్గరికి పోతున్న పల్లకీ వెనక్కి తిరిగింది. మరి రాజుగారి పెట్టె ఎంత?

ఉద్యోగికి ఒక్క దారే మిగిలింది. రాజు మాట వదిలేశాడు. కలెక్టరు మాట వదిలేశాడు. చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, ఫొటో లేకుండా వెళ్తే నా ఉద్యోగం పోతుందండి."

సీతమ్మగారి అడుగు ఆగింది.

ఉద్యోగం పోవడమంటే అతని ఇంట్లో పొయ్యి ఆరడమే. అది ఆవిడకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కొంగుతో చెయ్యి తుడుచుకున్నారు. వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చాడు. కదలకండమ్మా అన్నాడు. అద్దం మూత తీశాడు. లోపల గుండిగ మూత మీద ఆవిరి తన్నుతోంది. అరుగు మీద పసివాడెవడో ఆకలికి గునుస్తున్నాడు. ఆవిడ కళ్లు మాత్రం పెట్టె వైపే. ఒకటి... రెండు...

ఆ రెండు క్షణాల వెలుగే పట్టాభిషేకం సంబరాల్లో ఓ కుర్చీ మీద కూర్చుని గౌరవం అందుకుందని కోనసీమ చెప్పుకుంటుంది, 1909 ఏప్రిల్ 28న ఆవిడ కన్నుమూశాక కూడా ఆ పేరు చెదరలేదు, కమానుల చెంతన 2000లో తెరిచిన కొత్త అక్విడక్టుకి ఎక్కింది, 2024లో రాష్ట్రమంతటా బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ అదే పేరయింది.

మూత పడింది.

"అయిందా నాయనా?"

అయిందండి అన్నాడు ఉద్యోగి. గొంతు వణికింది. సీతమ్మగారు అప్పటికే లేచారు. గుమ్మంలోంచి మాట వినపడింది.

"కాళ్లు కడుక్కుని రండి. మీ ముగ్గురికీ ఆకులేశారు."